అడ్వాన్సుకు ముందు ఆలస్యం, అడ్వాన్సు తర్వాత ఆలస్యం



ఈసారి కాస్త పెద్ద పోస్టే. ఓపిగ్గా చివరిదాకా చదవమని మనవి. విషయం ఇల్లు. బెంగళూరులో ఇల్లు కొనడం, డబ్బు కట్టాక అది చేతికి రాకపోవడం.

ఈ మధ్య మన సమావేశాల్లో ఉగాది ఏర్పాట్లు, చందాల లెక్కలు ముగిశాక కాఫీ దగ్గర నడిచే మాట ఇదే. ఒకరు ఫ్లాటుకు డబ్బు కట్టి మూడేళ్ళయింది, తాళాలు రాలేదు. ఇంకొకరు పాత ఇంటికి అడ్వాన్సు ఇచ్చారు, అమ్మేవారికి ఇ-ఖాతా రాలేదు, రిజిస్ట్రేషను ఆగింది. మరొకరికి రిజిస్ట్రేషనూ అయింది, ఇల్లూ పూర్తయింది, కరెంటు మీటరు మాత్రం రాలేదు. చివరికి అందరూ "బెంగళూరులో ఇల్లంటే ఆలస్యమే, ఏం చేస్తాం" అని గ్లాసు పక్కన పెట్టి లేస్తారు.

మేము అనేది ఏమిటంటే, ఆలస్యాలన్నీ ఒకటి కావు. డబ్బు ఇవ్వకముందు జరిగే ఆలస్యం వేరు, ఇచ్చాక జరిగేది వేరు. మొదటిది మనల్ని కాపాడుతుంది. రెండోది మన సంపాదన తినేస్తుంది. మన వాళ్ళు మొదటిదాన్ని తిడుతున్నారు, రెండోదాన్ని ఓర్చుకుంటున్నారు. కాగితాలు చూడడానికి లాయరు రెండు వారాలు అడిగితే రోజూ ఫోను చేసి తొందరపెడతారు. బిల్డరు ఏడాదిన్నర మీద వేసినా "పోనీలే, ఎప్పటికైనా ఇస్తాడు" అని ఊరుకుంటారు. ఈ అలవాటు తలకిందులు కావాలి. అందులో మన సంఘం చేయగలిగిన పని కూడా ఉంది. అది చెప్పడానికే ఇంత రాస్తున్నాం.

ముందు రెండో ఆలస్యం ఖరీదు ఎంతో చూద్దాం. ఒక కుటుంబం ఫ్లాటు కోసం 60 లక్షల అప్పు తీసుకుంది అనుకోండి. వడ్డీ 8.5 శాతం. అప్పు మొత్తం బిల్డరు చేతికి వెళ్ళిపోయాక, అసలు సంగతి పక్కన పెట్టి వడ్డీ ఒక్కటే నెలకు 42,500 రూపాయలు. ఉంటున్న ఇంటికి బాడుగ 30,000. రెండూ కలిపితే నెలకు 72,500. ఏడాది ఆలస్యమైతే 8 లక్షల 70 వేలు. అమ్మాయి ఇంజనీరింగు ఫీజో, ఊళ్ళో అమ్మానాన్నల ఆసుపత్రి ఖర్చో అందులోంచే రావాలి. రెండు జీతాలు వచ్చే ఇల్లయినా ఇది రెండేళ్ళు తట్టుకోవడం కష్టం. ఇలా నలిగిపోయిన కుటుంబాలు మన సభ్యుల్లోనే ఉన్నాయి. వాళ్ళు బయటికి చెప్పుకోరు. గృహప్రవేశం పిలుపు ఎప్పుడని ఎవరైనా అడుగుతారేమోనని ఫంక్షన్లకు రావడం తగ్గించేస్తారు.

ఇక మొదటి ఆలస్యం. ఆంధ్ర నుంచి, తెలంగాణ నుంచి కొత్తగా వచ్చిన మన పిల్లలు తరచూ అడుగుతారు. "మా ఊళ్ళో రెండు రోజుల్లో రిజిస్ట్రేషను అయిపోయింది, ఇక్కడ ఇన్ని కాగితాలేమిటి?" అని. దానికి కారణం ఈ ఊరు పెరిగిన తీరు. బెంగళూరు తన చుట్టూ ఉన్న పల్లెలను ఒక్కొక్కటిగా కలుపుకుంటూ పెరిగింది. నిన్నటి రాగి చేను ఇవాళ లేఅవుటు. చేనును ఇళ్ళ స్థలంగా మార్చడానికి డీసీ కన్వర్షను కావాలి, తర్వాత లేఅవుటు ప్లానుకు అనుమతి కావాలి. ఈ రెండూ లేకుండా చేను ముక్కలు చేసి అమ్మినవే రెవెన్యూ సైట్లు. అలాంటి చోట కట్టిన ఇళ్ళు వేలకు వేలు. వాటి దగ్గర కందాయం వసూలు చేయడానికి కార్పొరేషను వేరే పుస్తకం పెట్టింది. అదే బి ఖాతా. అన్నీ సక్రమంగా ఉన్నవి ఏ ఖాతా.

ఇక్కడొక మాట గట్టిగా చెప్పాలి. ఖాతా అంటే హక్కు పత్రం కాదు. కందాయం ఎవరి పేరు మీద కట్టాలో చెప్పే లెక్క అది. ఖాతా కాగితం చూపించి "అంతా క్లియరు సార్" అనే బ్రోకరు మాట విని సంతకం పెట్టకూడదు. హక్కు తెలిసేది మూల దస్తావేజు నుంచి ఇవాళ్టి దాకా ఒకరి చేతి నుంచి ఇంకొకరి చేతికి ఆస్తి ఎలా వచ్చిందో గొలుసులా చూసినప్పుడే. ఆ గొలుసులో ఒక కొక్కెం లేకపోయినా తర్వాత తెగేది మన దగ్గరే.

2024 అక్టోబరు నుంచి కర్ణాటకలో ఇ-ఖాతా లేకుండా పట్టణ ఆస్తుల రిజిస్ట్రేషను జరగడం లేదు. మొదట్లో జనం చాలా అవస్థ పడ్డారు, ఇప్పటికీ పడుతున్నారు. అమ్మేవారి ఆధార్‌లో పేరు ఒకలా, క్రయపత్రంలో పేరు ఇంకోలా ఉంటే పని ఆగుతుంది. మన కుటుంబాల్లో ఇది మరీ ఎక్కువ. తాతగారి పేరు ఇంట్లో నారాయణ, ఊళ్ళో పాత పత్రంలో నారాయణప్ప, ఇంగ్లీషులో ఇంటిపేరు పొడి అక్షరాలలో ముందు ఒకచోట, వెనక ఒకచోట. మనం ఇంటిపేరు రాసుకుంటాం, ఇక్కడివారు తండ్రి పేరో ఊరి పేరో ముందు పెట్టుకుంటారు. రెండు పద్ధతుల మధ్య మూడు తరాల కాగితాలు నలిగాయి. ఇద్దరూ ఒకరే అని అఫిడవిట్లు రాయించడానికే నెల గడిచిపోతుంది.

అయినా ఇ-ఖాతా నిబంధన మంచిదే అని మేము అంటాం. ఒకే సైటును ఇద్దరు ముగ్గురికి అమ్మడం, చనిపోయినవారి పేరుతో వేరేవాళ్ళు సంతకం పెట్టడం ఈ ఊరికి కొత్తవి కావు. ఇప్పుడు ఆస్తికి నంబరు, అమ్మేవారికి ఆధార్ గుర్తింపు కలిసి ఉండాలి కాబట్టి దొంగ అమ్మకం కష్టమవుతుంది. అయితే అమ్మేవారికి ఇ-ఖాతా రాకముందే మనం 10 లక్షలు అడ్వాన్సు ఇచ్చేస్తే, మనల్ని కాపాడాల్సిన నిబంధనే మన గొంతుకు ఉరి అవుతుంది. డబ్బు అవతల, కాగితం కంప్యూటర్లో, మధ్యలో బ్యాంకు ఇచ్చిన లోను మంజూరు గడువు కరిగిపోతూ ఉంటుంది. అదే ఇ-ఖాతా వచ్చాకే అడ్వాన్సు అంటే, ఆలస్యం అమ్మేవారిది. వారే ఆఫీసు చుట్టూ తిరుగుతారు.

ఈసీ సంగతీ అంతే. కనీసం 30 ఏళ్ళకు ఈసీ తీయమని లాయర్లు చెబుతారు. 2004 తర్వాతివి ఆన్‌లైనులో దొరుకుతాయి, అంతకు ముందువి ఆఫీసులో అడిగి తీసుకోవాలి. ఫారం 16 వస్తే ఆ కాలంలో ఏ లావాదేవీ రిజిస్టరు కాలేదని, ఫారం 15 వస్తే ఉన్న లావాదేవీల పట్టిక అని అర్థం. అయితే ఈసీలో కనబడనివీ ఉంటాయి. రిజిస్టరు కాని వీలునామా, కోర్టులో నడుస్తున్న పంపకాల దావా అందులో కనబడవు. పొలం మీద వచ్చిన సైటయితే, ఆ పొలం ఒకప్పుడు ప్రభుత్వం దళిత, గిరిజన కుటుంబాలకు ఇచ్చినదేమో చూడాలి. అలాంటి భూమిని ప్రభుత్వ అనుమతి లేకుండా అమ్మితే 1978 నాటి కర్ణాటక చట్టం ప్రకారం ఆ అమ్మకం చెల్లదు. ఎన్ని చేతులు మారినా చివరి కొనుగోలుదారు నష్టపోతాడు. పేదవాడి భూమి పేదవాడికే ఉండాలన్న చట్టం అది, న్యాయమైనదే. తెలియకుండా కొని దాన్ని తిట్టుకోవడం కంటే ముందే చూసుకోవడం మేలు.

జీపీఏ మీద ఇల్లు కొన్నామని చెప్పేవారు ఇప్పటికీ కనబడుతున్నారు. జీపీఏ, అగ్రిమెంటు, వీలునామా మూడూ కలిపి చేతిలో పెట్టినా ఆస్తి మనది కాదని, రిజిస్టరు అయిన క్రయపత్రంతోనే హక్కు మారుతుందని సుప్రీంకోర్టు 2011లోనే సూరజ్ ల్యాంప్ కేసులో స్పష్టంగా చెప్పింది. స్టాంపు డ్యూటీ మిగులుతుందని ఎవరైనా ఈ దారి చూపిస్తే అక్కడి నుంచి లేచి వచ్చేయడమే. ఖర్చు పెద్దదే, కాదనం. 45 లక్షలు దాటిన ఆస్తికి 5 శాతం స్టాంపు డ్యూటీ, దాని మీద సెస్సు, సర్‌చార్జి. 2025 ఆగస్టు చివర రిజిస్ట్రేషను ఫీజు 1 శాతం నుంచి 2 శాతానికి పెరిగింది. నగరంలో మొత్తం 7.6 శాతం. 80 లక్షల ఇంటికి 6 లక్షల పైమాటే. ఇది మొదటి రోజు నుంచే బడ్జెట్లో ఉండాలి. చివర్లో గుర్తొస్తే ఆ తడుములాటలో ఇంకో రెండు నెలలు పోతాయి.

పాత ఇళ్ళ విషయంలో ఇంకో చిక్కు మన ఇళ్ళలోనే ఉంది. తాతలు కోలారు నుంచో, బళ్ళారి నుంచో వచ్చి ఇక్కడ ఇల్లు కట్టుకున్నారు. వారు పోయారు, పంపకాలు నోటిమాటగా జరిగాయి. పైమిద్దె పెద్దన్నది, కిందిది చిన్నన్నది అని అందరికీ తెలుసు, కాగితం మీద మాత్రం తాత పేరే. ఇప్పుడు అమ్మాలంటే వంశవృక్షం తేవాలి, అందరి సంతకాలు కావాలి. ఆడపిల్లల సంతకాలు కూడా కావాలి. 2005 సవరణతో ఉమ్మడి ఆస్తిలో కూతురికి కొడుకుతో సమానంగా పుట్టుకతోనే హక్కు వచ్చింది. ఆ సవరణ నాటికి తండ్రి బతికి ఉన్నాడా లేదా అన్నదాంతో పని లేదని 2020లో వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. "పెళ్ళిలో బంగారం పెట్టేశాం, అక్క ఏమీ అనదులే" అన్న మాట మీద ఏ బ్యాంకూ లోను ఇవ్వదు. ఇక్కడ హక్కు బిడుగడె పత్ర అంటారు, హక్కు విడుదల పత్రం. అది అక్క తన ఇష్టంతో, తన వాటా ఏమిటో తెలిసి రాయాలి. అక్క అమెరికాలో ఉంటే అక్కడి కాన్సులేటులో పవర్ ఆఫ్ అటార్నీ చేయించి పంపాలి, ఇక్కడికి వచ్చాక గడువులోపు స్టాంపు వేయించాలి. ఇదంతా నెలల పని. అమ్మేవారు మనవారైనా, కొనేవారు మనవారైనా, ఈ పని అడ్వాన్సుకు ముందే జరగాలి.

ఇంకో చిన్న లెక్క. ఇల్లు 50 లక్షలు లేదా అంతకు మించితే కొనేవారు 1 శాతం టీడీఎస్ పట్టుకుని ప్రభుత్వానికి కట్టాలి. అమ్మేవారు విదేశాల్లో స్థిరపడినవారయితే ఈ 1 శాతం లెక్క వర్తించదు, పట్టుకోవాల్సింది చాలా ఎక్కువ. మన పిల్లల్లో సగంమంది బయటి దేశాల్లోనే ఉన్నారు కాబట్టి వాళ్ళ ఫ్లాట్లు కొనేటప్పుడు ముందే ఆడిటరును అడగాలి. లేకపోతే ఆ పన్ను నోటీసు కొన్నవారికి వస్తుంది.

ఇన్ని ఉన్నాయని తెలిసీ జనం ఎందుకు తొందరపడతారు? కారణాలు మనకు తెలియనివి కావు. శ్రావణంలో గృహప్రవేశం పెట్టుకుంటే బాగుంటుందని అత్తగారి మాట. ఆషాఢం రాకముందే అగ్రిమెంటు అయిపోవాలన్న పట్టు. "ఇంకో పార్టీ సాయంత్రం టోకెను ఇస్తానంటోంది" అని బ్రోకరు ఫోను. ధర నెలనెలా పెరుగుతోందన్న భయం. ముహూర్తం పెట్టుకోవద్దని మేము అనడం లేదు. కాగితాలు తేలాక పెట్టుకుందాం. పంచాంగంలో మంచి రోజులు ప్రతి ఏడూ వస్తాయి.

వీటన్నిటికంటే పెద్ద కారణం ఇంకొకటి ఉంది. "మనవాడే" అన్న మాట. పరాయి ఊళ్ళో తెలుగు మాట్లాడే బిల్డరు దొరికితే మనసు కరుగుతుంది. మన జిల్లావాడు, మన దూరపు బంధువు, మన ఉగాదికి చందా ఇచ్చినవాడు. అతని దగ్గర రెరా నంబరు అడగడం మర్యాద కాదనిపిస్తుంది. ఆలస్యమైతే నోటీసు ఇవ్వడానికి చేయి రాదు. తాతల కాలంలో ఈ నమ్మకమే మనల్ని ఇక్కడ నిలబెట్టిందన్నది నిజం. అంగడి పెట్టుకోవడానికి అప్పు ఇచ్చింది, పిల్లల పెళ్ళిళ్ళు కుదిర్చింది. అయితే 80 లక్షల ఫ్లాటు చేబదులు లాంటిది కాదు. నమ్మకం ఉన్నచోట కూడా కాగితం ఉండాలి. నిజంగా మనవాడైతే కాగితం అడిగినందుకు కోపం తెచ్చుకోడు.

బిల్డరు ఫ్లాట్ల విషయంలో చట్టం మన పక్షానే ఉంది. రెరా చట్టం 2016లో వచ్చింది, కర్ణాటక నియమాలు 2017లో. దాని ప్రకారం రిజిస్టరు అయిన అగ్రిమెంటు లేకుండా ధరలో 10 శాతానికి మించి తీసుకోకూడదు. కొనేవారు కట్టిన డబ్బులో 70 శాతం ఆ ప్రాజెక్టుకే ప్రత్యేక ఖాతాలో పెట్టాలి. చెప్పిన తేదీకి ఇల్లు ఇవ్వకపోతే కొన్నవారికి రెండు దారులు. వద్దనుకుంటే కట్టిందంతా వడ్డీతో వెనక్కి అడగవచ్చు. ఇల్లు కావాలనుకుంటే, ఇచ్చేదాకా నెలనెలా వడ్డీ అడగవచ్చు. కర్ణాటకలో ఆ వడ్డీ స్టేట్ బ్యాంకు ఎంసీఎల్ఆర్ మీద 2 శాతం ఎక్కువ. గడువు దాటితే డబ్బు వెనక్కి అడిగే హక్కుకు షరతులు లేవని సుప్రీంకోర్టు 2021లో న్యూటెక్ కేసులో చెప్పింది.

ఇన్ని హక్కులు ఉన్నా మన వాళ్ళలో ఫిర్యాదు చేసేవారు తక్కువ. ఆర్డరు వచ్చినా డబ్బు వసూలు కావడానికి ఇంకో పోరాటం ఉందని మాకూ తెలుసు. వసూలు బాధ్యత రెవెన్యూ అధికారుల మీద పడుతుంది, అక్కడ ఫైళ్ళు నెమ్మదిగా నడుస్తాయి. అయినా ఒంటరిగా ఒకరు వెళ్ళడానికీ, అదే ప్రాజెక్టులో కొన్న 40 కుటుంబాలు కలిసి వెళ్ళడానికీ తేడా ఉంది. పక్కింటి కన్నడ కుటుంబం, తమిళ కుటుంబం, బెంగాలీ కుటుంబం కూడా అదే బిల్డరు దగ్గర నష్టపోయాయి. అక్కడ భాష చూడకూడదు. తెలుగు బిల్డరయినా సరే, వాళ్ళ పక్కనే నిలబడాలి.

ఓసీ గురించి ఒక మాట. కట్టడం ప్లాను ప్రకారం పూర్తయింది, ఇక నివసించవచ్చు అని అధికారులు ఇచ్చే పత్రం అది. ఓసీ లేని ఇళ్ళకు కరెంటు, నీళ్ళు ఇవ్వకూడదని, బ్యాంకులు ఓసీ చూసుకునే అప్పు ఇవ్వాలని 2024 డిసెంబరులో సుప్రీంకోర్టు ఒక తీర్పు ఇచ్చింది. ఆ తర్వాతే ఇక్కడ మీటర్లు ఆగాయి. "ఓసీ తర్వాత వస్తుంది, ముందు పాలు పొంగించండి" అనే మాట ఇప్పుడు ఎంత ప్రమాదమో దీన్ని బట్టి తెలుస్తుంది. పాలు పొంగించాక మన ఒత్తిడి పోతుంది, బిల్డరుకు తొందర పోతుంది.

మా మాటకు ఎదురు చెప్పేవారు ఉంటారు. వారి మాటల్లోనూ నిజం ఉంది. మొదటిది, "ఇంత చూస్తూ కూర్చుంటే ధర చేయి దాటుతుంది." నిజమే, ఒక్కోసారి దాటుతుంది. అలా దాటిపోయిన ఇంటికి బదులు ఇంకో ఇల్లు చూడవచ్చు. ఇరుక్కుపోయిన డబ్బుతో ఇంకో ఇల్లు చూడలేం. రెండోది, "చిన్న జీతాలవారికి ఏ ఖాతా ఇల్లు ఎక్కడ అందుతుంది?" ఇది ఇంకా బరువైన ప్రశ్న. కుట్టుపని చేసేవారు, డ్రైవర్లు, చిన్న అంగళ్ళవారు మన సంఘంలోనూ ఉన్నారు. వారికి బి ఖాతా సైటే దిక్కు. వారిని తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు. బి నుంచి ఏ ఖాతాకు మార్చే పథకాన్ని ప్రభుత్వం 2025లో ప్రకటించింది. ఎవరి సైటుకు అది వర్తిస్తుందో, ఎంత కట్టాలో చూసుకుని, ఆ ఖర్చు బేరంలో తగ్గించుకుని కొంటే అది తెలిసి చేసిన పని. తెలియక కొనడమే వద్దంటున్నాం.

మూడోది, "తప్పంతా ఆఫీసులది, మీరు జనానికి నీతులు చెబుతున్నారు." ఆఫీసుల తప్పును మేము కప్పిపుచ్చం. సర్వరు పనిచేయలేదని మూడుసార్లు తిప్పి పంపడం, 2025లో ఒక కార్పొరేషను అయిదుగా మారాక ఏ ఫైలు ఎక్కడుందో చెప్పేవారు లేకపోవడం, మధ్యవర్తి లేనిదే కదలని దరఖాస్తులు, ఇవన్నీ నిత్యం వింటున్నాం. గడువులోపు పని చేయాలని కర్ణాటకలో 2011 నుంచే సకాల చట్టం ఉంది. ఆలస్యమైన ప్రతి రోజుకు 20 రూపాయలు, గరిష్ఠంగా 500 రూపాయలు పౌరుడికి పరిహారం. మన నెల వడ్డీ 42,500 అయినచోట ఈ 500 ఏ మూలకు? అయినా దరఖాస్తు పెట్టినప్పుడు సకాల నంబరు అడిగి తీసుకోవాలి. నంబరు ఉన్న ఫైలుకు లెక్క ఉంటుంది, అప్పీలుకు దారి ఉంటుంది. ఈ పరిహారం పెంచమని మిగతా భాషల సంఘాలతో కలిసి ప్రభుత్వానికి వినతిపత్రం ఇద్దామన్నది మా కోరిక.

ఇక మన సంఘం ముందు మూడు ప్రతిపాదనలు పెడుతున్నాం.

ఒకటి. ప్రతి నెలా ఒక ఆదివారం కాగితాల బల్ల. మన పెద్దల్లో చాలామంది ఇక్కడి కన్నడ బడుల్లో చదివినవారు. ఈసీలు, పాత క్రయపత్రాలు కన్నడంలో ఉంటాయి. ఆఫీసు ఇంగ్లీషులో రోజంతా గడిపే మన పిల్లలు వాటిని చదవలేరు, బ్రోకరు చెప్పిన అర్థమే నమ్ముతారు. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం అయిన తరానికి ఉన్న ఈ విద్య వృథాగా పోతోంది. రిటైరయిన ఒక పెద్దాయన పక్కన కూర్చుని గంటసేపు పత్రం చదివి వినిపిస్తే చాలు. అది లాయరు సలహాకు బదులు కాదు. లాయరును ఏం అడగాలో తెలుసుకోవడానికి.

రెండు. ఒక మాదిరి షరతుల పట్టిక. అమ్మేవారు ఇ-ఖాతా, ఈసీ, వారసుల సంతకాలు ఏ తేదీలోగా తేవాలో అగ్రిమెంటులో రాయాలి. తేకపోతే అడ్వాన్సు ఎన్ని రోజుల్లో, ఎంత వడ్డీతో తిరిగి ఇవ్వాలో రాయాలి. అడ్వాన్సు చెక్కుతోనో బ్యాంకు ద్వారానో ఇవ్వాలి, నగదు వద్దు. అమ్మేవారు మాట తప్పితే, అగ్రిమెంటులో రాసిన తేదీ నుంచి మూడేళ్ళలోపు కోర్టుకు వెళ్ళాలి. ఆ గడువు "చూద్దాం, చూద్దాం" అంటూ దాటిపోతుంది. అందుకే తేదీ లేని అగ్రిమెంటు మీద ఎవరూ సంతకం పెట్టవద్దు. ఈ పట్టికను సంఘంలోని లాయర్ల చేత సరిచూపించి తెలుగులో, కన్నడంలో ముద్రిద్దాం.

మూడు. ఇది కొందరికి నచ్చదు, అయినా చెప్పాలి. మన ఉగాదికి, సంక్రాంతికి, కార్తీక వనభోజనాలకు రియల్ ఎస్టేటు వారి స్టాళ్ళు, బ్యానర్లు వస్తాయి. ఇకపై ఒక నియమం ఉండాలి. బ్యానరు మీద రెరా నంబరు, పూర్తిచేస్తామని రెరాకు చెప్పిన తేదీ పెద్ద అక్షరాల్లో ఉండాలి. ఆ బిల్డరు అంతకు ముందు కట్టిన ప్రాజెక్టు ఓసీ నకలు సంఘానికి ఇవ్వాలి. ఇవ్వలేనివారి డబ్బు మనకు వద్దు. చందా తగ్గుతుందని కోశాధికారి గారు ఆందోళన పడతారు, అది న్యాయమైన ఆందోళనే. ఒక ఏడాది భోజనంలో ఒక స్వీటు తగ్గిద్దాం, పెద్ద హాలుకు బదులు బడి మైదానంలో పండుగ చేద్దాం. మన వేదిక మీద బ్యానరు కనిపిస్తే సంఘం హామీ ఉన్నట్టే అని జనం అనుకుంటారు. ఆ నమ్మకానికి జవాబు చెప్పాల్సింది మనమే.

ఈ మూడింటినీ వచ్చే సర్వసభ్య సమావేశం అజెండాలో చేర్చమని కార్యదర్శి గారికి రాసి ఇచ్చాం. మూడోదాని మీద వోటింగు అడుగుతాం. కాదనేవారు కూడా తప్పక రండి, మీ కారణాలు సభలో చెప్పండి. ఆ రోజు ఇల్లు వెతుకుతున్న పిల్లలను వెంట తీసుకురండి. చేతిలో ఉన్న ఈసీ నకలు కూడా తెమ్మనండి. చదివే పెద్దలు ఇద్దరు ఇప్పటికే ఒప్పుకున్నారు, కాగితాల బల్ల ఆ రోజే మొదలుపెడదాం.